జనానా బండి తలుపు

ఆ పొద్దున మహారాష్ట్ర దిక్కు నుంచి మబ్బులు వచ్చి ఆకాశంలో నిలబడిపోయాయి. కురవవు, కదలవు. పుష్యమాసంలో అటువంటి మబ్బు పసుపు రైతుకు శత్రువు. ఉడికించి ఆరబోసిన కొమ్ముల మీద నాలుగు చుక్కలు పడ్డాయంటే రంగు పోయినట్టే. నేను కంఠేశ్వర్ నుంచి నడిచి వస్తుంటే దారి పక్క కళ్లాల్లో ఆడామగా అంతా గోనెపట్టాలు చేతబట్టుకుని పైకి చూస్తున్నారు. కప్పాలో వద్దో ఎవరికీ పాలుపోవడం లేదు.

బండ్ల బాడీలు కట్టే మా కార్ఖానా గేటు దగ్గర బాపురావు గొంతుక్కూర్చుని ఉన్నాడు. బోధన్‌లో పసుపు వ్యాపారం చేసే మన్సూర్ సేఠ్ దగ్గర డ్రైవరు. సేఠ్ బండిని పోయిన వానాకాలంలో కట్టిచ్చింది మేమే. మిలిటరీ వేలంలో వచ్చిన చిన్న ట్రక్కు ఛాసీ, దాని మీద టేకు చట్రం, పైన రేకు.

"బండేది బాపురావూ?" అన్నాను.

"కొట్టంల ఉన్నది లింబన్నా. ఎవ్వరు ముట్టద్దన్నడు సేఠ్. మిమ్ముల్ని తోల్కరమ్మన్నడు."

అప్పుడే జలీల్ సైకిలు దిగాడు. కార్ఖానాలో బండ్లకు కరెంటు పని అంతా అతనిది, చెక్కపని నాది. పదకొండేళ్లుగా నేను తొలిచిన గాడిలోనే అతను తీగ పరుస్తున్నాడు.

"క్యా బాపురావ్! బోధన్‌ల చాయ్ దొరుకుతలేదా, పొద్దుగాల్నే గీడికొచ్చినవ్?"

బాపురావు నవ్వలేదు. లేచి, తల మీది టోపీ తీసి చేతిలో నలిపాడు.

"జలీలన్నా, మా సేఠ్ బీబీ పోయింది. ఇయ్యాల్టికి పది దినాలు. కడుపుల పిల్లగాడు గూడ పోయిండు."

జలీల్ పెదవులు కదిలాయి, పోయినవాళ్ల కోసం చదివేది లోపలే చదువుకున్నాడు. సైకిలు హ్యాండిలు మాత్రం వదల్లేదు.

"గంట మోగలేదన్నా," అన్నాడు బాపురావు. "నీ గంట మోగలే."

ఆ మాట జలీల్‌తో అన్నాడు. నేను మాత్రం అతని సైకిలు చక్రం వైపు చూస్తూ నిలబడ్డాను.

*

ఆ బండి సంగతి చెప్పాలి.

మన్సూర్ సేఠ్‌కు ముప్పై ఏళ్లుంటాయి. భార్య సాలేహా. రెండు కాన్పులు పోయాయి. మొదటిసారి ఎడ్లబండిలో నిజామాబాద్ తెస్తుంటే, రెండోసారి బస్సులో మగవాళ్ల మధ్య ఒదిగి కూర్చుని వస్తుంటే. మూడోసారి నెల తప్పగానే సేఠ్ మా యజమాని ఆత్మారాం దగ్గరికి వచ్చాడు. డెబ్బయ్యో సంవత్సరం, ఆషాఢం.

"నా ఇంటామె పండుకొని పోవాలె. కుదుపు తెల్వద్దు. బయటోళ్ల కండ్లు వడద్దు. గట్లాంటి బండి కావాలె," అన్నాడు.

చట్రం నేను కట్టాను. వెనక ఒకటే తలుపు. దానికి పైభాగాన గాలి కోసం ఏటవాలు చెక్కలు. గొళ్లెం బయటికే. వాళ్ల చుట్టాల జీపులో ఒక పిల్ల లోపల్నుంచి తలుపు తీసి రోడ్డు మీద పడిందట, అందుకని లోపలికి గొళ్లెం వద్దన్నాడు సేఠ్. డ్రైవరుకూ వెనక గదికీ నడుమ రెండు పొరల చెక్క, ఆ పొరల మధ్య దూది కూరాం. ఎండ రాదు, చూపు రాదు. మాట కూడా రాదు.

అందుకే గంట. ఆ ఇంటి ఆడవాళ్లు డ్రైవరును గొంతెత్తి పిలవరు. ఒకసారి మోగితే బండి ఆపాలి, రెండుసార్లు మోగితే కదలాలి. ఆగకుండా మోగితే మాత్రం నిజామాబాద్ దాకా పోవద్దు, ఎడపల్లిలో కాన్పులు చేసే నర్సమ్మ ఇంటికి తిప్పాలి. బాపురావుతో ఇదంతా సేఠ్ నా ముందే మూడుసార్లు చెప్పించుకున్నాడు.

మంచం మీద తల వెనక్కు, గాలి వచ్చే దిక్కుకు. పడుకున్న మనిషి కుడి చెయ్యి చాపితే అందేది తలుపే. బటన్ అక్కడే ఉండాలని సేఠ్ పట్టుబట్టాడు.

"గోడకు వెడ్త సేఠ్," అన్నాడు జలీల్. "తలుపు కదిలే సామాను. కదిలేదాంట్ల తీగ వెడితే తీగకు దినాం సావే."

"నొప్పులు పడేటామె గోడ దిక్కు లేస్తదా? నీతోని అయితదా కాదా చెప్పు."

"అయితది," అన్నాడు జలీల్. కాదనే మాట అతనికి రాదు.

తలుపులో తీగకు చావు వచ్చేది మడతబందుల దగ్గరే. తలుపు తీసిన ప్రతిసారీ అక్కడ తీగ వంగుతుంది, వేసిన ప్రతిసారీ నలుగుతుంది. బిగువుగా పెడితే తెగుతుంది. వదులుగా పెడితే తలుపు సందులో పడి చితుకుతుంది. పైకి కనపడితే పిల్లల కాళ్లో పెట్టె మూలో తగిలి ఊడుతుంది. కొందరు సైకిలు ట్యూబు ముక్క తొడిగి వదిలేస్తారు, రెండెండాకాలాలకు అది పెళుసైపోతుంది. జలీల్ అట్లా చేయడు. చిన్నప్పుడు బస్సుల డిపోలో ఒక ముసలి మిస్త్రీ దగ్గర నేర్చుకున్నాడట. మేకతోలుతో వేలంత గొట్టం కుట్టిస్తాడు. పై మడతబందుకూ కింది మడతబందుకూ సరిగ్గా నడుమ, జానెడు తీగను చుట్టలా తిప్పి ఆ గొట్టంలో పెడతాడు. తలుపు తీస్తే చుట్ట విచ్చుకుంటుంది, వేస్తే ముడుచుకుంటుంది. లాగుడు లేదు, నలుగుడు లేదు. ఆ చుట్ట కోసం నేను ద్వారబంధంలో గిన్నె అడుగంత గుంట తొలిచి, మీద సన్నటి టేకు పట్టె మరలతో బిగించాలి. పట్టె పడ్డాక అక్కడ తీగ ఉందని ఎవరికీ తెలియదు.

తోలు మెత్తబడ్డానికి ఆముదంలో వేపనూనె కలిపి మూడు రోజులు నానబెడతాడు. ఆ వాసనకు మేం భోజనాలు షెడ్డు అవతల తినేవాళ్లం.

"జలీలన్నా," అనేవాడు బాపురావు, బండి కడుతున్నన్ని రోజులూ అక్కడే ఉండి. "తీగకు గింత సేవ జేస్తున్నవ్. వదినెకు ఎన్నడన్న తలకు నూనె వెట్టినవా?"

"మీ వదినెను ఎలుకలు కొరకవు రా. ఎలుకలనే ఆమె కొరుకుతది."

"ఖాతూన్ వదినె ఇన్నదనుకో, ఇయ్యాల నీకు బువ్వ లేదు."

"గందుకే నీకు చెప్పుతున్న, ఆమెకు చెప్పలే," అని నవ్వేవాడు జలీల్. మళ్లీ తోలు మీదికి వంగేవాడు. "చెరకు దేశం రా బాపురావ్. కోతలు మొదలైనయంటే పొలాల ఎలుకలన్ని ఇండ్ల మీద వడతయి. దానికి నోరు చేదయితేనే తీగకు ఆయుష్షు."

ఆ మాట నేను విన్నాను. వినలేదని చెప్పుకునే వీలు లేదు.

*

శ్రావణంలో ఒక శుక్రవారం సేఠ్ భార్యను తీసుకుని బండి చూపించడానికి వచ్చాడు. ఆవరణలోనే ఆమెను బండిలో కూర్చోబెట్టి, తోడుగా ఇంట్లో పనిచేసే భూమవ్వను ఉంచి, జలీల్‌తో కలిసి జుమ్మా నమాజుకు పోయాడు. ఆత్మారాం భోజనానికి ఇంటికి, బాపురావు చాయ్‌కు బజారుకు వెళ్లారు. నేనొక్కణ్నే షెడ్డులో రంపం పదును పెడుతున్నాను.

కొంతసేపటికి బండిలో వాంతి చేసుకుంటున్న చప్పుడు వచ్చింది. మళ్లీ వచ్చింది. భూమవ్వ నీళ్లు అడగడానికి దిగింది.

"ఏం వాసన పెద్దనాయనా గది? పీనుగకు రుద్దినట్టున్నది," అంది. "పొద్దటిసంది ఏం తినలే తల్లి. ఉన్నది గూడ పోయె."

"వేపనూనె," అన్నాను. "తోలుకు వెట్టినం. కొన్నొద్దులకు పోతది."

"కొన్నొద్దులకా? తలకాడనే ఉండె గద వాసన! గండ్ల పండుకొని ఎట్ల పోతది?"

అప్పుడు తలుపు చెక్కల వెనక నుంచి ఆమె గొంతు వినపడింది. చిన్న గొంతు. నాతో నేరుగా మాట్లాడలేదు, భూమవ్వతో అన్నట్టుగా అంది.

"భూమవ్వా, ఆ అన్నను అడుగు. ఆ నూనె తుడిచి వేరేది వెట్టరాదా. సాబ్‌కు చెప్పద్దు. చెప్తే కరెంటాయనను కోపం చేస్తడు. పాపం, ఆయన మంచిగ చేసిండు."

నా జన్మలో ఆమె మాట విన్నది అదొక్కసారే. మొహం చూడలేదు.

భూమవ్వ సంచిలోంచి చిన్న సీసా తీసింది. జాజిపూల చమేలీ నూనె. ఆమె తలకు రాసుకునేది. నేను సీసా చేతిలో పట్టుకుని కొంతసేపు నిలబడ్డాను. జలీల్ మాట యాదికుంది. కానీ సేఠ్ ఇంట్లో కొత్త కొట్టం, సిమెంటు గచ్చు, అక్కడ ఎలుకలేముంటాయి అనుకున్నాను. తోలుకు కావలసింది నూనె, ఏదైతేనేం అనుకున్నాను. నా చెల్లెలు కడుపుతో ఉన్నప్పుడు పోపు వాసనకే ఇంట్లోంచి ఉరికేది, అది కూడా మనసులోకి వచ్చింది. భూమవ్వ ఆమెకు దుప్పటి అడ్డం పట్టాక పట్టె మరలు విప్పి, తోలు గొట్టాన్ని సబ్బు నీళ్లతో రెండుసార్లు తుడిచి, గాలికి ఆరనిచ్చి, చమేలీ నూనె పట్టించాను. అదే చుట్ట అట్లాగే గుంటలో కూర్చోబెట్టి పట్టె బిగించాను. నా పని ఎవరూ వంక పెట్టలేనంత బాగా చేశాను.

జలీల్ వచ్చాక చెబుదామనుకున్నాను. అతను నమాజు నుంచి వస్తూనే ఇందల్వాయి నుంచి వచ్చిన లారీ లైట్లు చూడ్డానికి పోయాడు. సాయంత్రం కాకముందే సేఠ్ బండి తీసుకుని వెళ్లిపోయాడు. రేపు చెబుదామనుకున్నాను. నేను మామూలుగానే మాట తక్కువ మనిషిని. రేపు చెప్పే మాట ఎల్లుండికి బరువవుతుంది. వారం దాటితే ఇంక నోట్లోంచి రాదు.

*

గేటు దగ్గర నిలబడే బాపురావు అంతా చెప్పాడు.

ఎనిమిదో నెలలోనే, పొద్దున పూట నొప్పులు మొదలయ్యాయి. వెనక గదిలో సాలేహా, అత్తగారు, భూమవ్వ. సేఠ్ ముందే స్కూటర్ మీద నిజామాబాద్ పోయాడు, డాక్టరమ్మను సిద్ధంగా ఉంచడానికి. బండి బోధన్ దాటి రెండు మైళ్లు పోయేసరికి చెరకు బండ్లు. ఫ్యాక్టరీకి పోయే బండ్లు రోడ్డు నిండా నిలిచాయి. ముందు కల్వర్టు మీద ఒక బండి ఇరుసు విరిగి అడ్డం పడిందట.

"గంట మోగలే. బీబీకి నిమ్మలంగనే ఉన్నదనుకున్న," అన్నాడు బాపురావు. "ఇంజను బంద్ జేస్తే మల్ల ఎత్తుకుంటదో లేదోనని చాలూ ఉంచి ఉరికిన. కల్వర్టు దాక ఉరికి, ఆ బండోళ్ల కాళ్లు మొక్కి, చెరకు దింపించి, బండి పక్కకు నూకినం. గంటసేపు పట్టింది. మల్ల ఉరికొచ్చి తోలిన. ఎడపల్లి మీదికెల్లే పోయిన జలీలన్నా. నర్సమ్మ ఇంటి ముంగటికెల్లే పోయిన. ఆమె వాకిట్ల బట్టలు ఆరేస్తున్నది. చూసుకుంటనే పోయిన."

టోపీ తలకు పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు.

"లోపట భూమవ్వ బటన్ నొక్కి నొక్కి వేలు వాచిందట. తలుపు గుద్దిందట. ఒర్లిందట."

"బండ్లోళ్లు ఇనలేదా?" అన్నాడు జలీల్. "పక్కపొంట అంత మంది ఉండిరి గద."

"ఇన్నరన్నా. అటెన్క వాళ్లే చెప్పిండ్రు నాకు. జనానా బండి, ముస్లిముల పరదా బండి. పరాయి మొగోడు తలుపు ఎట్ల తీస్తడు? డ్రైవరు రానీ అన్నరట. ఒగలి మొగం ఒగలు చూసుకొని నిలబడ్డరట. నేను ఉరికొచ్చేటాళ్లకు లోపట ఒర్లుడు ఆగిందట, ఇంక నాకేం చెప్పలే."

నిజామాబాద్‌లో తలుపు తీసేసరికి పరుపు దాటి గచ్చు మీదికి నెత్తురు వచ్చిందట. ఆమె చెయ్యి అప్పటికీ బటన్ మీదే ఉందట.

"ఇరవై దినాల కింద నేనే నొక్కి చూసిన, మోగింది," అన్నాడు బాపురావు. "అటెన్క బండి కొట్టంలకెల్లి తియ్యలే. సేఠ్ ఒక మాట చెప్పమన్నడు. తీగల దోషం ఉన్నదంటే జలీల్ చెయ్యి ఈ జిల్లాల ఏ బండి మీద వడనియ్యనన్నడు."

ఆత్మారాం అప్పటికే వచ్చి వెనక నిలబడి విన్నాడు. "అరే దేవా," అన్నాడు. తర్వాత, "ఇద్దరు పోండ్రి. చెక్క ఇప్పనీకి లింబయ్య, తీగ చూడనీకి జలీల్. దోషం ఎవలిదైతే వాళ్లే ఒప్పుకోవాలె. కార్ఖానా మీదికి తేవద్దు."

*

బస్సులో జలీల్ నా పక్కనే కూర్చున్నాడు. జానకంపేట దాటాక అన్నాడు.

"తీగ తెగదు లింబయ్యా. బ్యాటరీ దిగిపోయుంటది. లేకుంటే గంటల దుమ్ము వట్టుంటది. నా తీగ తెగదు."

నేను కిటికీలోంచి చూస్తున్నాను. కోసిన చెరకు తోటల్లో ఆకు కుప్పలు. ఇప్పుడు చెప్పు అని నాకు నేను అనుకున్నాను. ఎడపల్లి వచ్చింది, పోయింది. చెబితే ఎవరి పేరు చెప్పాలి? చచ్చిపోయిన మనిషి పేరు. నీ చావుకు నీ సీసానే అని ఆ ఇంటికి పోయి చెప్పాలి. చెప్పకపోతే పక్కన కూర్చున్న ఈ మనిషి చేతులు పోతాయి. నలభై అయిదేళ్ల మనిషికి ఇంకో పని రాదు.

సేఠ్ ఇంటి వాకిట్లో షామియానా వేసి ఉంది. పోయినవాళ్ల కోసం చదివించే పదో దినం ఫాతెహా అయిపోయి చుట్టాలు చాలామంది వెళ్లిపోయారు. వంటశాల దగ్గర పెద్ద డేగిసాలు. మన్సూర్ సేఠ్ కొట్టం ముందు స్టూలు వేసుకుని కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచాడు. సలాంకు బదులు చెప్పాడు. అంతే. కొట్టం తలుపులు తానే తీశాడు.

కొత్త కొట్టమే. సిమెంటు గచ్చే. కానీ ఎడ్లకు మేతగా తెచ్చిన చెరకు ఆకు పక్క గోడ పొడుగునా నిలువెత్తు పేర్చి ఉంది.

జలీల్ ముందు హారన్ నొక్కాడు. పలికింది. బ్యాటరీ బాగుంది. గంట మూత విప్పి చూశాడు, లోపల శుభ్రంగా ఉంది. బటన్ నుంచి వచ్చే రెండు తీగలను గంట దగ్గరే విప్పి, కొసలు ఒకదానికొకటి తాకించాడు.

గంట మోగింది.

వాకిలంతా మోగింది. ఇంట్లో ఆడవాళ్ల మాటలు టక్కున ఆగిపోయాయి. మన్సూర్ సేఠ్ రెండు చేతులూ చెవుల మీద పెట్టుకున్నాడు. జలీల్ తీగలు విడదీశాడు. ఇంక మిగిలింది తలుపే.

"లింబయ్యా. పట్టె ఇప్పు."

మరలు మూడు. మూడూ నేను బిగించినవే. పట్టె తీసి కింద పెట్టాను. గుంటలోంచి గొట్టం బయటికి జారింది. సగం లేదు. అంచులు పళ్లతో దువ్వినట్టున్నాయి. అడుగున నల్లటి ఎలుక రెట్టలు. రెండు తీగల మీది రబ్బరు, బట్ట అంతా ఒలిచేసి ఉంది. ఒకటి అట్లాగే నిలిచి ఉంది. రెండోది తెగి, కొస మెరుస్తూ ఉంది. ఆ రెండూ ఒకదానికొకటి తాకి ఉంటే గంట ఆగకుండా మోగేది. దారి పొడుగునా ఊరూరా వినపడేట్టు మోగేది. తాకలేదు.

జలీల్ తోలు ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. వేళ్ల మధ్య నలిపి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

అతను నా వైపు చూశాడు. కోపంగా కాదు. లెక్క తప్పినప్పుడు మళ్లీ మొదటినుంచి కొలిచేవాడు చూసినట్టు చూశాడు. ఆ చూపు నా మీది నుంచి సేఠ్ మీదికి పోయింది. అప్పుడు అతనికి అర్థమైంది. తోలు ముక్కను పిడికిట్లో మూసి, కమీజు జేబులో కుక్కేశాడు.

"నాదే సేఠ్," అన్నాడు. "తోలు సరిగ్గ నానవెట్టలే. తప్పు నాదే."

"ఏది, చూపియ్యి." సేఠ్ చెయ్యి చాపాడు.

"వద్దు సేఠ్. ఎలుక మూతి వెట్టింది. నాపాక్. ఫాతెహా దినం, ముట్టద్దు."

"చూపియ్యమంటున్న!"

"నా తప్పు అంటున్న గద సేఠ్. ఇంక చూసేదేమున్నది."

సేఠ్ చెయ్యి అట్లాగే గాలిలో ఉంది. ఆ చేతికి ఆ ముక్క ఇస్తే, ముక్కు దగ్గర పెట్టుకోకుండానే తెలుస్తుంది అతనికి. ఆరేళ్లు పక్కన పడుకున్న తల వాసన.

వంటశాల గడపలో భూమవ్వ ఇత్తడి చెంబు పట్టుకుని నిలబడి ఉంది. కుడిచేతి చూపుడువేలికి బట్ట చుట్టి ఉంది.

"కాదు సేఠ్," అన్నాను. "తోలు జలీలన్నది. ఆయన వేపనూనె వెట్టిండు, ఎలుకలు ముట్టద్దని. నేను అది కడిగి వేరే నూనె వెట్టిన. ఆయన నమాజుకు పోయినప్పుడు. ఆయనకు చెప్పలే. ఇయ్యాల దాక చెప్పలే."

సేఠ్ నెమ్మదిగా నా వైపు తిరిగాడు.

"ఎందుకు?"

"కంపు కొడుతుండె."

"ఎవలికి?"

భూమవ్వ నోరు తెరిచింది. నేను ఆమెను చూశాను. ఆమె చెంబు గడప మీద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాకు," అన్నాను. "పక్కన కూసొని పని చేసేటోణ్ని. నాకు కంపు కొడుతుండె."

"నీ ముక్కుకు."

"అవును సేఠ్."

"ఎవలు చెప్పిండ్రు మార్చమని?"

"ఎవ్వలు చెప్పలే."

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. అతను బండి దగ్గరికి పోయి, తెరిచి ఉన్న తలుపును పట్టుకుని, మెల్లగా వేశాడు. గొళ్లెం పెట్టాడు. మళ్లీ తీశాడు. మళ్లీ వేశాడు. నుదురు ఆ ఏటవాలు చెక్కలకు ఆనించి నిలబడ్డాడు.

"బటన్ గోడకు వెడ్త అన్నడు జలీల్," అన్నాడు చెక్కలతో మాట్లాడుతున్నట్టు. "నేనే వద్దన్న. గొళ్లెం లోపటికి వద్దన్నది గూడ నేనే."

జలీల్ వంగి, విప్పిన మరలు ఏరి పట్టె మీద పెట్టాడు.

చాలాసేపటికి ఇటు తిరిగాడు. "జలీల్, నువ్వు నీ పని చేసుకో. నీ మీద నాకేం లేదు. లింబయ్యా, నువ్వు ఇంక బండి మీద ఉలి వెట్టద్దు. ఆత్మారాంకు నేను చెప్త. మీ ఊరు ఏది?"

"నందిపేట్ కాడ సేఠ్."

"గక్కడనే ఉండు. నాగండ్లు చేసుకో. మనుషులు కూసునేది ఏది చెయ్యకు."

తల ఊపాను. ఆ మాటను ఇప్పటిదాకా దాటలేదు.

*

నూతి దగ్గర చేతులు కడుక్కుంటుంటే జలీల్ పక్కకు వచ్చాడు. చేద తోడి నా చేతుల మీద నీళ్లు పోశాడు. కొట్టం దిక్కు చూసి, గొంతు తగ్గించి ఒక్క మాటే అన్నాడు.

"చమేలీ."

నేను తల ఎత్తలేదు.

"చెప్పకు లింబయ్యా," అన్నాడు. "నాకు గూడ చెప్పకు." జేబులోని తోలు ముక్క తీసి, సబ్బు రుద్ది, పిండి, మళ్లీ రుద్ది, వాసన చూసి, నూతి పక్క మట్టిలో మడమతో తొక్కిపెట్టాడు. "ఒక్క మాట నాతోని అంటే పోయేది. ఒక్క మాట. ఇంకో తోవ చూస్తుంటి. తంబాకు నీళ్లల్ల నానవెడుతుంటి."

"ఎరుకే," అన్నాను.

"ఎరుక లేదు నీకు," అన్నాడు.

పోదామని చెప్పులు వేసుకుంటుంటే పరదా వెనక నుంచి ముసలామె గొంతు వచ్చింది. సేఠ్ తల్లి. ఆ రోజు బండిలో కోడలి తలను ఒళ్లో పెట్టుకున్నది ఆమే.

"మన్సూర్. వాళ్లను గట్ల వంపకు. పదో దినం. గడప తొక్కినోళ్లు ఎవ్వలైనా సరే, తిననిదే పోవద్దు."

సేఠ్ మా వైపు చూశాడు. నా వైపు కూడా చూశాడు.

"కూసోండ్రి," అన్నాడు.

షామియానా కింద భోజనాల గుడ్డ, దస్తర్‌ఖాన్ పరిచారు. సేఠ్ తానే చేతులు కడిగే చిలంచీ పళ్లెం, చెంబు తెచ్చి మా చేతుల మీద నీళ్లు పోశాడు, ముందు జలీల్‌కు, తర్వాత బాపురావుకు, తర్వాత నాకు. నా చేతుల మీద పోసేటప్పుడు ధార కొంచెం తప్పి మణికట్టు మీద పడింది, సర్దుకుని మళ్లీ వేళ్ల మీద పోశాడు. నేను పుట్టి బుద్ధెరిగాక అన్యుల ఇంట్లో వండిన అన్నం తినలేదు. మా వడ్రంగి వడ్లవాళ్లలో అది లేదు. ఆ సంగతి సేఠ్‌కూ తెలుసు. "అటుకులు, పండ్లు ఉన్నయి, తెప్పిస్త," అన్నాడు. వద్దని, అన్నమే పెట్టమని చెయ్యి ఊపాను.

భూమవ్వ అన్నం, పప్పు తెచ్చి పెట్టింది. నాకు పెట్టేటప్పుడు గరిటె రెండుసార్లు వంచింది. కొంగుతో మొహం తుడుచుకుంటూ పక్కకు పోయి స్తంభానికి ఆనుకుని కూర్చుంది. సేఠ్ మా ఎదురుగా కూర్చున్నాడు. ముద్ద కలిపి చాలాసేపు చేతిలోనే పట్టుకున్నాడు. తర్వాత నోట్లో పెట్టుకున్నాడు. అది చూసి మేం మొదలుపెట్టాం.

జలీల్ పప్పు గిన్నె నా వైపు జరిపాడు. వడ్డించుకున్నాను. విస్తట్లో పెట్టిందంతా తిన్నాం.